గుణశేఖర్ హోటలూ, తళిగ బియ్యమూ

గుణశేఖర్ కూర్చున్నప్పుడు కూడా నడుస్తూనే ఉంటాడు. నమ్మకం లేకపోతే ఆయన కుర్చీ కింద చూడండి, కుడికాలు ఊగుతూనే ఉంటుంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బండి తాళం. అన్నం ముందు కూర్చుంటే మజ్జిగ దాకా ఆగడు, చారు దగ్గరే లేచిపోతాడు. ఆయన భార్య లోకేశ్వరి మజ్జిగ గ్లాసు పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి బండి వీధి మలుపు తిరిగిపోయి ఉంటుంది. పాతికేళ్ల కాపురంలో ఆమె మొగుడికి తాగించిన మజ్జిగ కంటే, వాకిట్లో నిలబడి తిట్టుకుంటూ తానే తాగేసిన మజ్జిగ ఎక్కువ.

వాళ్లది చిత్తూరు దాటి బంగారుపాళ్యం పోయే దారిలో, హైవే పక్కన పల్లె. ఊరి చుట్టూ మామిడి తోటలు, హైవే పొడుగునా గుజ్జు ఫ్యాక్టరీలు. తోటలున్నవాళ్లకు ఓపిక ఉండాలి. పూత నిలవాలి, పిందె నిలవాలి, కాయ ముదరాలి. ఓపిక లేనివాడికి మామిడి తోట ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. దేవుడు గుణశేఖర్‌కు మామిడి తోటే ఇచ్చాడు.

ఆయన మొదలుపెట్టినవన్నీ ఏకరువు పెడితే తెల్లారుతుంది గానీ, కొన్ని చెబుతాను. కాలేజీ సగంలో మానేసి టెలిఫోను బూతు పెట్టాడు. దాన్ని వదిలేసి డ్రిప్పు పైపులు అమ్మాడు. తర్వాత అలిపిరి దగ్గర ఒక సందులో రాగిసంగటి హోటలు తెరిచాడు. కొండ మెట్లు దిగివచ్చిన జనం పిక్కలు పట్టుకుంటూ వచ్చి కూలబడేవాళ్లు. వేడి సంగటి, మీద నెయ్యి, పక్కన వేరుశెనగల ఊరిబిండి. అది నడవక మూసేసి ఉంటే అయ్యోపాపం అనుకుందుము. బ్రహ్మాండంగా నడిచింది. నడుస్తుండగానే ఆయనకు విసుగు పుట్టి, హోటలు పినతండ్రి కొడుకు చేతిలో పెట్టి, కోళ్లఫారం పెడతానని ఊరికి వచ్చేశాడు. ఆ తమ్ముడు ఇప్పుడు అదే హోటలు మీద మేడ కట్టుకున్నాడు. గుణశేఖర్ ఏదీ ఓడిపోయి వదల్లేదు. పిందెలోనే కోసేశాడు, అంతే.

కోళ్లఫారం రేకులు తానే వేస్తానని ఎక్కి కింద పడ్డాడు. కాలు విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. కట్టు విప్పేదాకా కాలు కదపవద్దని వైద్యుడు చెప్పాడు. ఎవరికి చెప్పాడు! గడువుకు ముందే ఒక పొద్దున పెరట్లో కత్తెరతో తానే కట్టు కోసేసి బండెక్కాడు. ఎముక అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తాడు. ఊగేది కూడా ఆ కాలే.

అట్లాంటి మనిషి ఈసారి పట్టుకున్నది మామూలు పని కాదు. హైవే మీద హోటలు, హోటలు పక్కన మన సీమ తిండి సరుకులన్నీ దొరికే పెద్ద అంగడి, వెనక ఒక బారు.

ఆలోచన పుట్టింది మొన్న ఎండాకాలం చివర, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు. తోతాపురి కాయల ట్రాక్టరు వరసలో పెట్టి కూర్చున్నాడు. వరస కదలదు. ముందు ట్రాక్టర్లు, వెనక ట్రాక్టర్లు, కాయల మీద ఎండ. మనిషి కాలుగాలిన పిల్లిలాగా గేటుకూ బండికీ మధ్య తిరిగాడు. చివరికి అడుగు కాయలు మెత్తబడి రసం కారి ఈగలు ముసిరితే, ట్రాక్టరు తిప్పుకొని పోయి పంట మొత్తం రోడ్డు పక్క గుంతలో పారబోశాడు. గుంత గట్టు మీద కూర్చుని ఏడ్చాడు కూడా. ఆ సంగతి లోకేశ్వరికి ఒక్కదానికే తెలుసు. ఏడుస్తూ తలెత్తి చూస్తే మద్రాసు నుంచి బెంగళూరుకు, బెంగళూరు నుంచి మద్రాసుకు కార్లు చీమల బారులాగా పోతున్నాయి.

"ఇంతమంది పోతాండారు మే. వీళ్లకు ఆకలి కాదా? మన కాయ మన తోట దాటి ఎందుకు పోవల్ల? వాళ్లే దిగి మన తోటలోకి వచ్చేట్టు చేస్తా సూడు" అన్నాడు ఆ సాయంత్రం.

అప్పటి నుంచి నిద్ర లేదు, నిలకడ లేదు. ముందు భాగంలో అంగడి: గాజు సీసాల్లో తాండ్ర, నల్లబెల్లం, గానుగ నూనె, రాగిపిండి, ఊరి ఆడవాళ్ల చేతి ఊరగాయలు. మధ్యలో మామిడి చెట్ల కిందే బల్లలు వేసి హోటలు: సంగటి, నాటుకోడి పులుసు, పిల్లలు మారాం చేస్తే పిజ్జా. ఇంకా పునాది తవ్వలేదు, పేర్లు మాత్రం వారానికొకటి మారాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ నన్నడిగితే ఆలోచన మంచిదే. ఆయన పెట్టినవాటిలో ఇంత ఇష్టంగా పెట్టింది ఇంకొకటి లేదు. తోటలో సున్నంతో గీతలు గీసి, ఇది వంటిల్లు, ఇది అంగడి అని చూపిస్తుంటే ఆ మనిషి ముఖం వెలిగిపోయేది.

పెట్టుబడికి రూపేష్ దొరికాడు. పుట్టింది పుత్తూరులో, పెరిగింది బెంగళూరులో, అక్కడ రెండు హోటళ్లు నడుపుతున్నాడు. మర్యాదస్తుడు. వచ్చి తోట చూశాడు, మెచ్చుకున్నాడు, ఒకే మాట చెప్పాడు.

"గుణన్నా, హోటలు పేరు తెస్తుంది, అంగడి ఫోటోలు తెస్తుంది. బిజినెస్ నిలబెట్టేది బారు. బారు ఉంటేనే నేను. లైసెన్సు సంగతి నేను చూసుకుంటా."

హైవేను ఆనుకొని మందు అమ్మకూడదు కాబట్టి బారు తోటకు ఆ కొసన రావాలి. తోట చూస్తే పొడుగాటి రిబ్బను ముక్క. ఒక కొస హైవే మీద, ఇంకో కొస ఊళ్లో. అంటే కార్లలో వచ్చేవాళ్లకు ముందు వైపు అంగడి, ఊరివాళ్లకు వెనక వైపు బారు.

తోట లోకేశ్వరిది. పెళ్లిలో ఆమె నాయన పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. లీజు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆమె. గుణశేఖర్ ప్లాను కాగితం వసారాలో పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టి అంతా వివరించాడు. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకొని విన్నది. విని ఒకటే అడిగింది.

"ఈ బారు వాకిలి యాటు తెరుసుకుంటాది?"

"ఎనక్కి."

"ఎనక ఏముండాది?"

గుణశేఖర్ కాగితం చుట్టేశాడు. వెనక కంచె అవతల ఉన్నది దేవకమ్మ ఇల్లు. ఊరి వరసకు ఈయనకు అత్త అవుతుంది. ఆమె మొగుడు తాగి తాగి పోయాడు. కొడుకు బాలచంద్ర ట్రాక్టరు డ్రైవరు, పనిమంతుడు, వాడూ తండ్రి దారే పట్టాడు. మొన్న ఉగాది ముందు దేవకమ్మ వాణ్ణి కాణిపాకం తీసుకుపోయి కోనేట్లో ముంచి, వినాయకుడి ఎదుట ప్రమాణం చేయించింది. మా పక్క కాణిపాకం ప్రమాణమంటే ఆటలు కాదు. అప్పటి నుంచి వాడు ముట్టలేదు. సందేళ అయ్యేసరికి మాత్రం అరుగు మీద కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని ఊరి బయటికి పోయే దారి వైపు చూడకుండా ఉంటాడు. ఊళ్లో మందు అంగడి లేదు. బ్రాందీ కావాలంటే బండెక్కి అంత దూరం పోవాలి. ఆ దూరమే వాణ్ణి కాస్తోంది.

"సంతకం సంగతి పెరటాసి పోనీ, తళిగ అయినాక సూస్తాం" అంది లోకేశ్వరి.

పెరటాసి అంటే దసరా రోజుల్లో వచ్చే అరవ నెల. ఆ నెలంతా మా వైపు ఇళ్లలో నీచు వండరు. మూడో శనివారం వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అరిటాకు పరిచి అన్నం రాశిగా పోసి, పప్పు, పులుసు, వడలు పెట్టి, దాసరి శంఖం ఊదితే ఊరంతా కలిసి తినడం. అయితే ఆ అన్నానికి ఇంటి బియ్యం పనికిరాదు. ఇంటి యజమాని ఎంత ఉన్నవాడైనా సరే, నామాలు పెట్టుకొని, నామాల చెంబు పట్టుకొని, వట్టి కాళ్లతో ఇంటింటికీ పోయి అడుక్కొచ్చిన బియ్యమే కావాలి. గుణశేఖర్ నాయన దొరస్వామి దీన్ని అణువంత తప్పకుండా చేసేవాడు. వీధి మొదలుపెడితే ఒక్క ఇల్లు విడవకూడదు, పగవాడి ఇల్లైనా సరే. గోవింద నామం తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. ఇంటావిడ వచ్చి బియ్యం పోసేదాకా కదలకూడదు. ఆయన పోయాక ఆ చెంబు గుణశేఖర్ చేతికి వచ్చింది. ఏటా ఎట్లాగో పరుగు మీద కానిచ్చేవాడు.

ఈ ఏడు రూపేష్ సరిగ్గా ఆ మూడో శనివారమే వస్తానని ఫోను చేశాడు.

"ఈ శనివారం కాగితాలు అయిపోవాలన్నా. కాకపోతే హోసూరు దగ్గర ఇంకో తోట చూసుకున్నా. వాళ్లు తొందర పెడుతున్నారు."

తళిగ పొద్దు రావద్దప్పా అని చెప్పడానికి గుణశేఖర్‌కు నోరు రాలేదు. వాయిదా అన్న మాటే ఆ మనిషి నోట పలకదు. రమ్మన్నాడు.

శనివారం పొద్దున తలస్నానం చేసి, తడిపంచె కట్టుకొని, లోకేశ్వరి దిద్దిన నామాలతో చెంబు పట్టుకొని బయలుదేరాడు. భుజాన కండువా, మొలలో ఫోను. "గోవిందా" అని మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. ఇంటావిడ ఎక్కడో పెరట్లో ఉంది. వచ్చేదాకా నిలబడాలి. రెండో ఇంట్లో ముసలాయన గింజ గింజ ఏరి పోశాడు. మూడో ఇంట్లో పాప నిద్ర లేచింది, తల్లి దానికి పాలు పట్టి వచ్చింది. మొలలో ఫోను వణుకుతూనే ఉంది. నాలుగో ఇంటి ముందు ఆగలేక చూశాడు. పలమనేరు దాటినానని రూపేష్ పెట్టిన మెసేజీ.

పలమనేరు దాటితే ఇంకెంత దూరం? వీధి చూస్తే చాంతాడంత పొడుగు. కొసన దేవకమ్మ ఇల్లు. నిజం చెప్పాలంటే ఆ కొసకు పోకుండా ఉండడానికి ఆయనకు ఒక సాకు కావాలి, అది ఫోనులో వచ్చింది. పక్క సందులోకి తిరిగాడు. అంగట్లో సన్నబియ్యం కొలిపించి చెంబు నిండా పోయించాడు. అంగడివాడు నామాల వైపు, చెంబు వైపు చూసి డబ్బులు గల్లాపెట్టెలో వేసుకున్నాడు. గుణశేఖర్ ఇంటికొచ్చి చెంబు దించి, "ఎసరు పెట్టు మే, ఆయప్ప వచ్చేస్తాండాడు" అన్నాడు.

లోకేశ్వరి బియ్యం చేటలోకి వంచింది. అరచేత్తో పరిచింది. 

"ఊరంతా తిరిగినావా?"

"తిరిగినా."

"దేవకత్త ఏం పోసింది?"

"బియ్యమే. ఇంకేం పోస్తాది?"

ఆమె చేట ఆయన ముందుకు జరిపింది. తళిగ బియ్యం ఎట్లా ఉంటుందో ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకరి ఇంటి రేషను స్టోరు బియ్యం లావుగా, ఒకరివి సన్నగా, ఒకరివి సొంత పొలంలో పండిన ఎర్ర చారల బియ్యం, అక్కడక్కడా నూకలు. వండితే సగం మెతుకు పలుకు, సగం మెతుకు మెత్తన. ఈ చేటలో మాత్రం ఒక పక్కన మూడు నాలుగు పిడికిళ్లు తప్ప మిగతాదంతా ఒకటే తెలుపు, ఒకటే సన్నం.

"దేవకత్త ఇంట్లో తినేది స్టోరు బియ్యం. మన వీధిలో సగం ఇండ్లు అంతే. మిగతాదాంట్లో ఒగ లావు గింజ సూపించు నాకు" అంది.

గుణశేఖర్ చేటలో వేలు పెట్టి కెలికాడు.

"మీ నాయన జరమొచ్చినా పడి లేసి తిరిగినాడు. నువ్వు సామికే సరుకు కొనకొచ్చినావు. నేను పొయ్యి ఎలిగించను పో." ఆమె చేట పక్కన పెట్టి, చల్లారిన పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుంది.  అప్పుడే వాకిట్లో కారు హారను వినిపించింది.

గుణశేఖర్ బయటికి వచ్చాడు. రూపేష్ నవ్వుతూ కాగితాల సంచి పట్టుకొని దిగుతున్నాడు. ఎప్పుడూ ఎదురెళ్లి మాటల పందిరి వేసే మనిషి, "కూర్చోప్పా, నాకు ఒగ పని మిగిలిపోయింది" అని మాత్రమే అన్నాడు. లోపలి నుంచి చేట తెచ్చి ఆ బియ్యం పక్కింటి ఆవు కుడితిలో పోశాడు. ఫోను తీసి తులసికోట మీద పెట్టాడు. కాళ్లు కడుక్కొని, చెంబు తీసుకొని మళ్లీ మొదటి ఇంటికి పోయాడు.

ఒకసారి పోసినవాళ్లు ఆయన రెండోసారి రావడం చూసి నవ్వుకున్నారు గానీ మళ్లీ పోశారు. పోస్తూ ప్రతి ఒక్కరూ హోటలు గురించి ఒక మాట వేశారు.

"మా చింతకాయ తొక్కు నీ అంగట్లో పెట్టుకో అబ్బా, సీసాలు నువ్వే తేవల్ల."

"మా కోడలు బియ్యే చదివింది. కుర్చీలో కూర్చునే పనేదన్నా ఉంటే చెప్పు."

ఇంకొకాయన పిడికెడు బియ్యం చెంబు మీద పట్టుకొని వదలకుండా, "బారుకు పోతే ఊరోళ్లకు అప్పిస్తావా?" అని కన్ను గీటాడు.

వేటికీ జవాబు చెప్పడానికి లేదు. గోవిందా అనాలి, నిలబడాలి. మాటలతోనే బతికిన మనిషికి నోరు కట్టేస్తే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. తలుపుల ముందు నిలబడి నిలబడి, ఎన్నడూ చూడని గడపలు చూశాడు. ఎవరి పసుపు వెలిసిపోయింది, ఎవరి తలుపుకు చెదలు పట్టింది. వంకర కాలు లాగుతోంది. లోపల రూపేష్ చేతి గడియారం తిరుగుతున్నట్టే ఉంది. అయినా ఈసారి ఇల్లు విడవలేదు.

చివరికి దేవకమ్మ ఇల్లు. బాలచంద్ర అరుగు మీద కూర్చుని ట్రాక్టరు బెల్టు ఏదో కుడుతున్నాడు. నామాలు చూడగానే లేచి చెప్పులు విడిచి చేతులు జోడించాడు. దేవకమ్మ మోకాళ్లు పట్టుకుంటూ లోపలి నుంచి వచ్చింది. ముంతలో బియ్యం. చెరిగి, రాయి లేకుండా ఏరి ఉంచింది. పొద్దున్నుంచీ ఈ చెంబు కోసం కాచుకొని ఉందన్నమాట.

ముంత వంచి పోసింది. పోసి, తనకంటే చిన్నవాడి పాదాలకు వంగి మొక్కింది. గుణశేఖర్ ఉలిక్కిపడి వెనక్కి జరగబోయి ఆగాడు. జరగకూడదు. ఆ మొక్కు ఆయనకు కాదు.

"సామీ, ఉగాది నుంచి నా బిడ్డ ముట్టలేదు. వాణ్ణి ఇట్లే నిలబెట్టు. నేను పొయ్యేదాకా నిలబెడితే సాలు, ఇంకేం అడగను" అంది.

ఊరంతటికీ తెలిసిన బారు సంగతి ఆమెకు తెలియదా? ఆమె వాకిలికి ఎదురుగానే కంచె అవతల సున్నపు గీతలు తెల్లగా కనబడుతున్నాయి. ఆ మాట ఆమె ఎత్తలేదు. గుణశేఖర్ గోవిందా అని, చెంబు పట్టుకొని ఇంటి వైపు తిరిగాడు.

ఇంట్లో లోకేశ్వరి చేట చూసింది. లావు గింజ, సన్న గింజ, ఎర్ర చార. పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నానికి తళిగ సిద్ధమయింది. దాసరి శంఖం ఊదాడు. ఊరంతా వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. రూపేష్ కూడా ప్యాంటు పైకి లాక్కొని కింద కూర్చుని, రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. "గుణన్నా, దీన్నే తళిగ భోజనమని మెనూలో పెడదాం, ఎగబడతారు" అన్నాడు. గుణశేఖర్ ఆయన ఆకులో ఇంకో వడ వేశాడు. బాలచంద్ర వరస పొడుగునా పప్పు వడ్డించి, నడవలేని తల్లి కోసం క్యారియరులో పెట్టించుకొని పోయాడు.

జనం పోయాక రూపేష్ కాగితాలు తీసి వసారాలో బల్ల మీద పెట్టాడు. తడుముకోవడం లేకుండా, ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలు గుర్తులు కూడా పెట్టుకొచ్చాడు. లోకేశ్వరి కొంగుకు చేతులు తుడుచుకొని వచ్చి కూర్చుంది. పెన్ను అందుకుంది.  ఆమె పెన్ను మూత తీసి మొగుడి వైపు చూసింది.

"పెడతా. ఒద్దని నీ కాలికి అడ్డం పడిందాన్ని కాదు నేను ఎప్పుడూ. కానీ ఒగ పని చేసి రా. దేవకత్త వాకిట్లో నిలబడి, నీ వాకిలికి ఎదురుగా బారు వాకిలి పెడతాండానత్తా అని నీ నోటితో చెప్పి రా. అంతే. ఆమె ఒప్పుకోనక్కర్లేదు. నువ్వు చెప్పినావంటే సాలు, వచ్చేసరికి సంతకం ఉంటాది."

ఇంతేనా అనిపించింది గుణశేఖర్‌కు. బ్యాంకు మేనేజర్ల దగ్గర, తాసీల్దారు ఆఫీసులో, ఎక్కడా మాటకు తడుముకున్నవాడు కాదు. తోటకు అడ్డం పడి గబగబా నడిచాడు. దారిలోనే మాటలు కూర్చుకున్నాడు. బారంటే మామూలు బారు కాదత్తా, కుటుంబాలు వచ్చేది. వాకిలి ఉంటాది గానీ ఎప్పుడూ మూసే ఉంటాది. బాలచంద్రకు అంగట్లోనే మంచి పని ఇస్తా, కళ్లెదుటే ఉంటాడు. ఊరికి దీపాలొస్తాయి, రోడ్డొస్తాది. మాటలు బాగానే అతికాయి. సున్నపు గీతలు దాటాడు. వంటిల్లు, అంగడి, చివర బారు గుమ్మం కోసం పాతిన రెండు కర్రలు. ఆ కర్రల మధ్య నుంచే కంచె దాటి దేవకమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

బాలచంద్ర లేడు, ట్రాక్టరు తీసుకొని పోయినట్టున్నాడు. తలుపు తెరిచి ఉంది. లోపల దేవకమ్మ క్యారియరు విప్పుకొని తింటోంది. ఇప్పటికి చెప్పేసి ఉండాల్సింది. ఆయన నోరు తెరిచాడు. అత్తా అన్న మాట గొంతు దాకా వచ్చింది.

ఆమె తల ఎత్తింది. చూపు మందం, వెలుగు ఆయన వెనక ఉంది. ఆమెకు కనబడింది నుదుటి మీద నామాలు. పొద్దున పెట్టినవి, చెమటకు కొంచెం కారినా చెరిగిపోలేదు.

"మళ్లీ వచ్చినావా సామీ? సాల్లేదా?" అంది.

తినే చెయ్యి గిన్నె అంచున దులిపి, గోడ పట్టుకొని లేచింది. లోపల చెంబుతో నీళ్లు పోసి చెయ్యి కడుక్కున్న చప్పుడు. తర్వాత డబ్బా మూత తీసిన చప్పుడు. ముంత డబ్బా అడుగుకు తగిలి గీసుకున్న చప్పుడు కూడా వినబడింది. పొద్దున పోసిందాంతో బియ్యం అడుగంటాయి. ఇప్పుడైనా వద్దత్తా, నేను బియ్యానికి రాలేదు అనవచ్చు. అని, చెప్పవలసింది చెప్పేసి, తిరిగి పోవచ్చు. ఆయన అట్లాగే నిలబడ్డాడు.

ఆమె గడపలోకి వచ్చింది. చెంబు లేదు. గుణశేఖర్ భుజం మీది కండువా తీసి కొంగు పట్టాడు. ఆమె ముంత బోర్లించి, అడుగు మీద తట్టి మరీ పోసింది.

"గోవిందా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి రూపేష్ కారుకు ఆనుకొని ఫోను చూసుకుంటున్నాడు. లోకేశ్వరి పెన్ను పట్టుకొని అదే కుర్చీలో ఉంది. గుణశేఖర్ కండువా మూట కాగితాల పక్కన పెట్టాడు. ఆమె విప్పింది. లావు బియ్యం, కొన్ని నూకలు, డబ్బా అడుగున ఉండే పొడి.

"చెప్పినావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపి కళ్లు తుడుచుకున్నాడు. లోకేశ్వరి పెన్నుకు మూత పెట్టి, మూట మళ్లీ కట్టి లోపలికి తీసుకుపోయింది.

"అప్పా రూపేషూ, బారు లేకుండా చేస్తామా?" అని అడిగాడు గుణశేఖర్.

రూపేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మంచివాడే, అబద్ధం చెప్పలేదు. "కుదరదన్నా. బారు లేకుండా నేను లెక్క కట్టుకోలేదు. హోసూరువాళ్లకు మాట ఇస్తాను మరి" అన్నాడు. కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. కారు వెనక్కి తిరిగి వీధి మలుపు దాటి హైవే ఎక్కింది.

ఇంకో పొద్దయితే గుణశేఖర్ బండి తీసి ఆ కారు వెనక పరుగెత్తేవాడు, కనీసం ఇంకో ఆలోచన పట్టుకొని చిత్తూరు పోయేవాడు. లేచాడు కూడా. బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు, తోట వైపు చూశాడు. సున్నపు గీతల్లో అంగడి అట్లాగే ఉంది, చెట్ల కింద బల్లల చోటు అట్లాగే ఉంది. ఎట్లా కడతాడో, ఎవరు కట్టిస్తారో ఆయనకు తెలియదు. తాళం గోడ మేకుకు తగిలించి మెట్టు మీద కూర్చున్నాడు.

"మేయ్, మజ్జిగ ఉండాదా?" అని కేక వేశాడు.

లోకేశ్వరి గ్లాసు తెచ్చి ఇచ్చి పక్కనే నిలబడింది. అలవాటు కొద్దీ, ఆయన సగంలో లేచిపోతే పట్టుకోవడానికి చెయ్యి చాచే ఉంచింది. ఆయన కాలు ఊగుతూనే ఉంది గానీ, గ్లాసు ఎత్తి చివరి చుక్క దాకా తాగాడు. ఆ పొద్దు లోకేశ్వరికి మజ్జిగ మిగల్లేదు.